జలవేగమునకును విలువ కట్టవలయును

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనిన తోడనే మనవారికి స్ఫురించునది చెఱువులలో దొంగచాటుగా పెంచబడుచు, అధికారులు దాడి చేసినపుడెల్ల గుంటలు త్రవ్వి పూడ్చబడుచుండు ఆ నిషిద్ధ మత్స్యమే గాని, ఆ ఖండపు కొండవాగులలోను మహానదుల ఱాతిమెట్లపైనను ఉరుకు నీటి కెదురుగా ఱాయి పట్టి జీవించు, పెక్కింట చిటికెనవ్రేలికి మించని చిన్న జెల్లలు కావు. 1868లో జర్మన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ పీటర్స్ వీనికి కైలోగ్లానిస్ అని నామకరణము చేసెను. నాటినుండి ఏబదికి పైగా జాతులు శాస్త్రగ్రంథముల కెక్కినవి.

ఈ చేపను వెల్లకిల త్రిప్పి చూచినగాని దాని నిర్మాణకౌశలము బోధపడదు. పై పెదవియు క్రింది పెదవియు వెడల్పై, మీసములను సైతము తమలో కలుపుకొని, తల యడుగున గుండ్రని బిళ్ళగా ఏర్పడినవి. బిళ్ళ నిండ సన్నని బొడిపెలు, నడుమ వంపు తిరిగిన పండ్ల గుత్తి. దానిని ఱాతి కదిమి పట్టి, మనిషి కాలు నిలువని వేగమున నిలిచి, తాపీగా నాచును, పురుగుల పిల్లలను గీకి తినును. దీని జ్ఞాతి యొకటి కాంగో నదిలో వెల్లకిలనే యీదుచుండును. ఆ కుటుంబమున వైపరీత్యము వంశపారంపర్యమే కాబోలు! దక్షిణ అమెరికా నుండి వచ్చి నేడు మన జాలరుల వలలు చింపుచున్న దెయ్యం చేపకును ఇట్టి నోరే గలదు గాని, ఆ రెంటికి దగ్గఱి చుట్టఱికము లేదు. రెండు ఖండముల జలములు వేర్వేరుగా ఒకే ఉపాయమును సాధించినవి.

ఇంతటి నేర్పరికి నిలువ నీటిలో మనుగడ లేదు. ఆనకట్ట వెనుక వేగము చచ్చి, ఒండ్రు పేరుకొని ఱాళ్ళను కప్పివేయును. దిగువనేమో విద్యుత్తు అవసరమును బట్టి నీరు వదలుచు ఆపుచుండుటచే ఒక పూట వఱద, ఒక పూట ఎండ. దక్షిణాఫ్రికాలో ఇంకోమాటి నదీమండలమునందలి కైలోగ్లానిస్ బైఫర్కస్ అను జాతి నేడు అంతరించు ప్రమాదమున నున్నది. ప్రవాహక్రమము మాఱుట అందుకొక ముఖ్యకారణము.

విద్యుత్తు వలదని చెప్పు నధికారము, దీపపు వెలుగున కూర్చుండి వ్రాయు నాకు లేదు. కాని ఉగాండాలో జరిగినది చూడుడు. విక్టోరియా నైలుపై బుజగాలి జలపాతమును 250 మెగావాట్ల కేంద్రమునకై ముంచుటకు పరిహారముగా, దిగువనున్న కలగాలా జలపాతమును ముట్టబోమని ఆ ప్రభుత్వము 2007లో ప్రపంచ బ్యాంకుతో ఒడంబడిక చేసికొనెను. 2012లో బుజగాలి కేంద్రము పూర్తియైనది. పిదప ఇంకను దిగువన 183 మెగావాట్ల ఇసింబా ఆనకట్ట లేచి, 2019లో ప్రారంభమై, ఆ రక్షితప్రదేశమున కొంతభాగమును తన జలాశయమున కలుపుకొనెను.

మునిగిన ఎకరములు, కదలిన కుటుంబములు ఏదో యొక విధముగ లెక్క కెక్కుచున్నవి. ఱాళ్ళపై దూకు నీరు మాత్రము పద్దున చేరుట లేదు. ఱాతిజెల్ల నశించి తిలాపియా పెరిగినను, చేపల దిగుబడి హెచ్చెనని మురియువారికి అది లాభముగానే తోచును. దిగువ కాంగోలో, 300కు పైగా మత్స్యజాతులు గల ఉధృతజలములలో, ఇంగా వద్ద మఱింత మహానిర్మాణము తలపెట్టబడినది. దానికి ఋణమిచ్చువారు సంతకమునకు ముందే ఏ మెట్టున ఎంత వేగము మిగులవలయునో కొలిపించి, తగ్గింపరాని షరతుగా వ్రాయవలయును. కలగాలా విషయమున వ్రాసిన చందమున మాత్రము గాదు.