పెద్ద ఊరు పిలిస్తే ఇప్పుడూ వెళ్తున్నారా?

బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న బడిలో ఎవరో ఒకరి ఒంటిమీద లేకర్స్ జెర్సీ కనిపించడం కొత్త కాదు. అమెరికాలోని ఎన్‌బీఏ పోటీల్లో లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ లాంటి మహానగరాల జట్లకున్న పేరు అలాంటిది. ఒప్పందం ముగిసి, నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ దొరికిన ఆటగాణ్ని ఫ్రీ ఏజెంటు అంటారు. అలాంటి మేటి ఆటగాళ్లు చివరికి పెద్ద ఊళ్లకే చేరతారన్నది చాలాకాలంగా వినిపిస్తున్న మాట. ఆ మాట ఇప్పుడు సగమే నిజమని మేము భావిస్తున్నాం.

మొదట ఆ సగం సంగతి చూద్దాం. 1996లో షాకిల్ ఓనీల్ ఓర్లాండో వదిలి లేకర్స్‌లో చేరాడు. 2018లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ నుంచి అదే జట్టుకు వెళ్లాడు. 2019లో టొరంటోను విజేతగా నిలిపిన కొద్ది వారాలకే కవాయ్ లెనార్డ్ లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్‌కు మారాడు. అదే వేసవిలో కెవిన్ డ్యురాంట్, కైరీ అర్వింగ్ న్యూయార్క్ నగరానికి వెళ్లారు. అయితే వారు ఎంచుకున్నది ఘన చరిత్ర ఉన్న నిక్స్‌ను కాదు, బ్రూక్లిన్ నెట్స్‌ను. నిక్స్ దగ్గర డబ్బుకు కొదవలేదు, జీతాల పద్దులో చోటూ ఉంది. అయినా పెద్ద తార ఎవరూ రాలేదు. ఊరు పెద్దదైతే చాలదు, జట్టు నడిచే తీరు కూడా బాగుండాలని ఆనాడే తేలిపోయింది.

ఆ తర్వాత ఈ ప్రవాహం బాగా సన్నబడింది. కారణం ఊళ్లలో కాదు, లెక్కల్లో ఉంది. ఎన్‌బీఏలో ఒక జట్టు చెల్లించే మొత్తం జీతాలకు పరిమితి ఉంది. ఒక్కో ఆటగాడి జీతానికీ గరిష్ఠ హద్దు ఉంది. 2017లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఏడెనిమిదేళ్లు ఆడి పెద్ద పురస్కారాలు పొందిన ఆటగాడికి సొంత జట్టు ఆ పరిమితిలో 35 శాతం వరకు ఇవ్వవచ్చు. బయటి జట్టు 30 శాతమే ఇవ్వగలదు. సొంత జట్టు ఐదేళ్లకు, ఏటా మొదటి ఏడాది జీతంపై 8 శాతం పెంపుతో రాసివ్వగలదు. బయటి జట్టుకు నాలుగేళ్లు, 5 శాతమే హద్దు.

మిల్వాకీ ఆటగాడు యానిస్ ఆంటెటోకున్‌పో 2020 డిసెంబరులో చేసిన సంతకాన్నే చూడండి. సొంత జట్టు ఐదేళ్లకు సుమారు 22.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే లెక్కన బయటి జట్టు నాలుగేళ్లకు ఇవ్వగలిగేది దాదాపు 14.5 కోట్లే. మియామీ, లాస్ ఏంజెలిస్ వెలుగులు ఎంత ఊరించినా ఆ తేడా చిన్నదేమీ కాదు. మరుసటి ఏడాదే మిల్వాకీ టైటిల్ గెలిచింది.

దీనికి తోడు జాతీయ టీవీ ప్రసార హక్కుల సొమ్మును జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి. 2025-26 నుంచి అమలైన ఒప్పందం విలువ పదకొండేళ్లకు సుమారు 7,600 కోట్ల డాలర్లు. ఓక్లహామా సిటీ వాటా, న్యూయార్క్ వాటా ఒక్కటే. 2023 నాటి నిబంధనలు అతిగా ఖర్చుపెట్టే జట్లకు కొత్తవారిని తెచ్చుకునే దారులను ఇంకా బిగించాయి. 2024లో లాస్ ఏంజెలిస్ దగ్గరలో పుట్టి పెరిగిన పాల్ జార్జ్ క్లిప్పర్స్‌ను వదిలి ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. ఫిలడెల్ఫియా చిన్న ఊరేమీ కాదు. కానీ అతన్ని కదిలించింది సొంతూరి మీద విరక్తి కాదు, అక్కడ దొరికిన నాలుగో ఏడాది.

ఫలితం కళ్లముందే ఉంది. 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి. వాటిలో మిల్వాకీ, డెన్వర్, ఓక్లహామా సిటీ ఉన్నాయి. డెన్వర్‌ను గెలిపించిన నికోలా యోకిచ్‌ను 2014లో రెండో రౌండులో 41వ ఆటగాడిగా ఎంపిక చేసి, ఓపికగా తీర్చిదిద్దింది ఆ జట్టే.

మరి మిగతా సగం? పెద్ద ఊరి ఆకర్షణ పోలేదు, దారి మార్చుకుంది. ఫ్రీ ఏజెన్సీలో దొరకని తార ఇప్పుడు జట్ల మధ్య మార్పిడిలో దొరుకుతున్నాడు. 2019లో ఆంథొనీ డేవిస్ ఒప్పందం ముగియకముందే న్యూ ఓర్లియన్స్‌ను వదిలి వెళ్తానని పట్టుబట్టి లేకర్స్‌కు చేరాడు. 2025 ఫిబ్రవరిలో లూకా డాన్సిచ్ సంగతి ఇంకా వింత. అతను అడగకుండానే డల్లాస్ అతన్ని లేకర్స్‌కు ఇచ్చేసింది. అక్కడే ఉంటే ఆ వేసవిలో ఐదేళ్లకు దాదాపు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి అర్హత వచ్చేది. ఊరు మారడంతో అది చేజారింది. ఆటగాణ్ని సొంతూరికి కట్టివేసే నిబంధన, యాజమాన్యాన్ని మాత్రం అతనికి కట్టివేయలేదు. ఈ ఏర్పాటులోని అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం.

అయినా ఒక మేలు ఒప్పుకోవాలి. ఏడు లక్షల జనాభా ఉన్న ఊరు కూడా తాను పెంచిన ఆటగాణ్ని నిలుపుకోగలుగుతోంది. ఊరి పరిమాణం కాదు, రాబడి పంపకం, నిబంధనల రాత, ఓపికగల శిక్షణ కలిస్తేనే అది సాధ్యమైంది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. మొదటి ఏడాది జీతం 100 అనుకుని, 8 శాతం పెంపుతో ఐదేళ్లకు, 5 శాతం పెంపుతో నాలుగేళ్లకు ఎంతవుతుందో పిల్లలతో కట్టించండి. 580, 430 వస్తాయి. ఆ 150 తేడాను చూపి, ‘మీరైతే ఉంటారా, వెళ్తారా?’ అని అడగండి. లెక్క అందరికీ ఒకటే వస్తుంది, జవాబు మాత్రం ఎవరిది వారిదే.