నది పక్కనే నీటి కటకట.. హౌరా తోటలకు కుండ ఆసరా అవుతుందా?

2025 మార్చిలో హౌరాలోని బెల్గాచియా డంపింగ్ యార్డు వద్ద నేల కుంగి మంచినీటి పైపులైను పగిలింది. హుగ్లీ నది ఒడ్డునే ఉన్న నగరంలో జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. తాగడానికే నీళ్లు లేనప్పుడు పెరటి మొక్కల సంగతి చెప్పేదేముంది?

నిజానికి హౌరాకు వానలు తక్కువేం కాదు. కాకపోతే ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్-సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. చలికాలం మొదలుకొని ఎండలు ముదిరే దాకా పెరళ్లకు, మేడ మీది తోటలకు కుళాయే దిక్కు. ఈ లోటుకు పాతకాలపు జవాబు మట్టికుండ.

పద్ధతి తేలిక. మెరుగు పూయని కుండను మెడ వరకు మట్టిలో పాతి, నీళ్లు నింపి, మూత పెట్టాలి. చుట్టూ మొక్కలు నాటాలి. మట్టి ఆరేకొద్దీ కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీటిని లాక్కుంటుంది. తడిగా ఉంటే ఊట తగ్గిపోతుంది. పైమట్టి పొడిగానే ఉంటుంది కాబట్టి నీరు ఆవిరి కావడం, కలుపు పెరగడం రెండూ తగ్గుతాయి. క్రీ.పూ. 1వ శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథం ‘ఫాన్ షెంగ్‌జీ షూ’లోనే ఈ పద్ధతి ఉంది. బెంగాలీ ఇళ్లలోనూ వైశాఖంలో తులసి మొక్కపై చిల్లుకుండ వేలాడదీసే ఆచారం ఉంది. శివాలయాల్లో ధారాపాత్ర చూసిన తెలుగువారికి అది కొత్తేమీ కాదు.

అలాగని కుండ అన్నిటికీ మందు కాదు. నీటిలోని లవణాలు, ఒండ్రు కొన్నాళ్లకు రంధ్రాలను పూడ్చేస్తాయి. నింపడానికి మనిషి కావాలి. వరి పొలానికి పనికిరాదు. డెంగీ బెడద ఉన్న హౌరాలో మూత లేని కుండ దోమలకు నిలయమవుతుంది.

ఇక ప్రభుత్వ సాయం సంగతి. 2015లో కేంద్ర సించాయీ యోజన కింద మొదలైన సూక్ష్మసేద్య పథకంలో చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ ఉంది. అది ప్రధానంగా డ్రిప్, స్ప్రింక్లర్ పరికరాల కోసం రూపొందింది. పొలాన్ని దృష్టిలో పెట్టుకున్న ఈ లెక్కలో నగరంలోని పెరడుకు చోటు లేదు. ఆ లోటు పూడ్చాల్సింది నగరపాలక సంస్థలే. హౌరాలో పాలకమండలి గడువు 2018 డిసెంబరులో ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు.

కుండ మొక్కకు నాలుగు రోజుల ఊపిరి ఇవ్వగలదు. పైపులైను బాధ్యతను మాత్రం అది మోయలేదు, మోయాల్సిన పనీ లేదు.