మధురవాణికి ముందటి బాలిక

మధురవాణి యనగానే మా విజయనగరమువారి మనస్సులలో నిలుచునది గురజాడ అప్పారావుగారి పుటలలోని మూర్తియా, 1955లో వెండితెరపై సావిత్రి ధరించిన మూర్తియా యని యెవరైన నిలదీసినచో, కన్యాశుల్కమును కంఠస్థము చేసినవారు సైతము కొంత తటపటాయించి, రెండవదియే యని యొప్పుకొనక తప్పదు. జగన్నాథ విలాసినీ సభవారు ఈ పట్టణముననే 1892లో ఆ నాటకమును తొలిసారి రంగమెక్కించినది మొదలు ఎందరు మధురవాణులు రాలేదు! వారిలో మీసములు గొరిగించుకొని వచ్చినవారును లేకపోలేదు. అయినను ఆ పాత్రకు గల బుద్ధివైభవమును, పరిహాసమును, ఆ రెండింటి మాటున అణగియున్న విషాదమును ఒక్క చూపులో ఇమిడ్చి చూపగలిగినది, అప్పటికి ఇరువదియేండ్లకు అటునిటుగా నున్న ఆ గుంటూరు మండలపు పడుచే.

అంత చిన్న వయస్సున అంతటి పరిపక్వత యెట్లబ్బినది? పూర్వజన్మ సుకృతమని చేతులు దులుపుకొనుట సులభమే కాని, సావిత్రి నటజీవితము సినిమాతో మొదలైనది కాదు. చిర్రావూరిలో పుట్టి, ఊహ తెలియకమునుపే తండ్రిని కోల్పోయి, పెదతల్లి దుర్గాంబ, పెదతండ్రి కొమ్మారెడ్డి వెంకట్రామయ్యగారల పెంపకమున విజయవాడలో పెరిగిన ఆ బాలిక, శిష్టా పూర్ణయ్యశాస్త్రిగారికడ నృత్యము నేర్చి, గజ్జెకట్టి సభలలో ఆడి, నాటక సమాజములతో తిరిగి, కాకినాడలో పృథ్వీరాజ్ కపూరంతటివాని చేతిమీదుగా బహుమానమందుకొన్న పిమ్మటనే మదరాసు చేరినది. అచ్చట తొలుత ఎదురైనది నిరాకరణమే. ‘సంసారం’లో చేతికందిన పెద్దవేషము జారిపోయినది, ‘పాతాళభైరవి’లో (1951) ఒక నృత్యముతో సరిపెట్టుకొనవలసివచ్చినది, 1953లో ‘దేవదాసు’ పార్వతియైన పిదపగాని లోకమామెను తేరిపార చూడలేదు. కాని ఆ పార్వతికి వెనుక ఏండ్లతరబడి చెక్కవేదికలమీద గడించిన అనుభవమున్నది. లేచి పోవుచున్న వెనుక వరుసవానిని కంటితో కట్టివేసి కూర్చుండబెట్టు విద్య ఏ శిక్షణాలయమునందును దొరకునది కాదు. ‘మాయాబజార్’లో (1957) ఘటోత్కచుడు శశిరేఖ రూపమున నుండగా ఆ కోమలదేహములో రాక్షసుని ఠీవిని నడిపించి, మరుక్షణమున సిగ్గులొలికించి, మరల నడుమునకు చేయిచేర్చి నిలిచిన ఆమె ఆంగికములో మన వీథిభాగవతుల పాఠము కనబడునేకాని కెమెరా నేర్పిన పాఠము కనబడదు.

1955వ సంవత్సరము ఆమెకు ఎట్టిదో గమనింపుడు. ‘మిస్సమ్మ’, ‘అర్ధాంగి’, ‘కన్యాశుల్కము’, ‘దొంగరాముడు’ ఆ యొక్క ఏటనే వచ్చినవి. వానిలో మా మండలపు పాలు స్వల్పము కాదని చెప్పుకొనుట మాకు గర్వకారణము. ‘మిస్సమ్మ’కు బాణీలు కూర్చినవారు సాలూరు చెంతనున్న శివరామపురమున పుట్టిన రాజేశ్వరరావుగారు, పి. పుల్లయ్యగారి దర్శకత్వమున వెలసిన ‘కన్యాశుల్కము’నకు సంగీతము మా విజయనగరపు సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై సాధనచేసిన ఘంటసాలవారిది, మధురవాణికి గళమిచ్చినది ఈ ఊరి ఆడపడుచు సుశీలమ్మ.

ఇంతవరకు పొగడ్త. ఇక అసలు మాట.

కన్యాశుల్కములో ఒక బాలనటుడున్నాడని మనము మరచిపోవుచుందుము. కరటకశాస్త్రి నాటకములాడువాడు, వాని శిష్యుడు మహేశము. మేనకోడలిని ముసలి లుబ్ధావధాన్లు బారినుండి తప్పింపనెంచి, శాస్త్రి ఆ కుర్రవానికి ఆడవేషము వేసి, తాను తండ్రివేషము కట్టి, వానిని అవధాన్లుగారికి అమ్మివేయును. కుర్రవాడు ఆ యింట కాపురమునకు పోయి, ప్రాణము లరచేత పెట్టుకొని నటించి, సమయము చూచి తప్పించుకొనిపోవును. వానికి దక్కు ప్రతిఫల మేమి? తన కూతురునిచ్చి పెండ్లి చేయుదునను గురువుగారి వాగ్దానము! పిల్లవాడు అమాయకుడు కాడు గనుక ముందుగనే ఒట్టు పెట్టించుకొనినాడు. మూడేండ్లలో విశాఖపట్టణ మండలమున జరిగిన 1034 శుల్కవివాహములను, వానిలో ఐదేండ్ల వధువులు 99 మందియను లెక్కను తొలిముద్రణ పీఠికలో చూపిన అప్పారావుగారికి, పెద్దల అక్కరలకు పిల్లల శరీరము వెలగట్టబడు విధము బాగుగ తెలియును; ఆ అక్కర ఎంత పుణ్యకార్యమైనను సరే, వేషము వేయువానికి ఒట్టుకన్న గట్టి పత్రమేదియు లేదని ఆయన నవ్వుచునే చూపించినాడు.

మహేశమునకు నిజజీవితములో సోదరులు లేకపోలేదు. మా రాజేశ్వరరావుగారే పసితనమున గ్రామఫోను రికార్డులకు పాడి, 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రమున వేమూరి గగ్గయ్యగారి కంసునియెదుట బాలకృష్ణుడై నిలిచిన బాలనటుడు. కంఠము మారు వయస్సు వచ్చినపుడు ఆయనకు సంగీతరచన యను రెండవ తలుపు తెరచుకొనినది; గంధర్వుడైనాడు. ఆడపిల్లకు అట్టి రెండవ తలుపు అరుదు. గజ్జె విప్పినచో పెండ్లి, విప్పనిచో నాయికావేషము; చదువను త్రోవ అప్పటికే మూసుకొనిపోయియుండును. సావిత్రి కథలో ఐశ్వర్యమును, ‘చిన్నారి పాపలు’ (1968) మొదలు సొంత దర్శకత్వపు సాహసములును, ‘ప్రాప్తం’ (1971) తెచ్చిన నష్టములును, దానధర్మములును, తుదకు నెలలతరబడి అపస్మారక స్థితిలోనుండి 1981 డిసెంబరు 26న కన్నుమూయుటయు అందరెరిగినదే. దానినంతయు ప్రేమవైఫల్యము ఖాతాలో వ్రాయుట మనకు అలవాటైనది. ఊహ తెలిసిననాటినుండి చప్పట్లను తానందుకొనుచు, లెక్కలను పెద్దలకు విడిచి పెరిగిన మనిషి, ఆ పెద్దలు లేనినాడు లెక్కలయెదుట నిస్సహాయమగుట వింతయా యని మాత్రము ఎవరును అడుగరు. నేను అడుగుచున్నాను.

బాల్యమున రంగమెక్కకున్నచో సావిత్రియే లేదు గదా యని కొందరందురు. అంత దృఢముగ నేను చెప్పజాలను. అదే ‘కన్యాశుల్కము’లో బుచ్చమ్మను అంత మనోహరముగ పోషించిన షావుకారు జానకిగారు పెండ్లియై, బిడ్డతల్లియైన పిమ్మట సినిమాలోనికి వచ్చినవారు. కళ ఎదుగుటకు త్రోవలు అనేకములు.

ఇప్పుడు మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో టెలివిజను నృత్యపోటీలకు పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులు తక్కువ కారు. జాతర వేదికలమీద పెద్దల పాటలకు పెద్దల భంగిమలతో ఆడు ఏడెనిమిదేండ్ల బాలికలను మనమందరము చూచుచు చప్పట్లు చరచుచునే యున్నాము. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము దృశ్య, శ్రవ్య వినోదములలో పిల్లలు పాల్గొనుటకు సమ్మతించినది గాని, ఆ మరుసటి యేటి నిబంధనలు కొన్ని హద్దులు గీచినవి: జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను, దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు, మూడు గంటలకు మించి విరామములేక నిలుపరాదు, వరుసగా 27 దినములకు మించరాదు, ఆర్జనలో ఇరువది శాతమునకు తగ్గకుండ ఆ బిడ్డ పేర జాతీయబ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయవలెను. చాప్లిన్ ‘కిడ్’ చిత్రములో లోకమును ఏడిపించిన జాకీ కూగన్, పెద్దవాడైన పిదప తన బాల్యార్జితము మిగులలేదని న్యాయస్థానమెక్కగా, కాలిఫోర్నియావారు ఇట్టి శాసనమును 1939లోనే చేసికొనిరి. మనకు దాదాపు ఎనుబదియేండ్లు ఆలస్యమైనది; ఆలస్యముగ వచ్చినదానినైన అమలుచేయుట మంచిది.

కాబట్టి మన జిల్లా కలెక్టర్లకు నా విన్నపము: పిల్లలు ప్రదర్శకులుగ పోవు ప్రతి కార్యక్రమమునకును అనుమతిపత్రమును, డిపాజిట్ రసీదును అడిగి చూడుడు. జాతర కమిటీలవారు చట్టము అడుగకున్నను రాత్రి పదిగంటల పిమ్మట చిన్నపిల్లలను వేదికయెక్కింపకుందురుగాక. తల్లిదండ్రులకు ఒక్క మాట: మీ అమ్మాయి చక్కగా ఆడినచో సంతోషమే, మరునాడు ఉదయము ఆమెను బడికి పంపుడు, ఆమె పేరిటి బ్యాంకు పుస్తకమును ఆమె చేతికే ఇచ్చి చదువనిండు.