పక్షవాతమన్న పేరే పక్కదారి పట్టిస్తున్నది

పక్షమంటే ఒక పక్క. అందుకే లక్సెట్టిపేట చుట్టుపక్కల పల్లెల్లో నేటికీ చెయ్యీ కాలూ పడిపోతేనే 'పచ్చవాతం' అంటారు. ఈ పేరే ప్రమాదకరమని నా అభిప్రాయం. రక్తనాళం మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణం, మెదడులో ఆ చోటు చేసే పనిని బట్టి ఉంటుంది. ఎడమ ముందుభాగం దెబ్బతింటే కుడి చెయ్యి చచ్చుబడవచ్చు, మాట పోవచ్చు. మాటకూ ఆ చోటుకూ గల సంబంధాన్ని 1861లోనే పారిస్‌లో పాల్ బ్రోకా చూపారు. కుడిభాగం దెబ్బతిన్న కొందరు విస్తరిలో ఎడమవైపు అన్నాన్ని తాకనే తాకరు; పైగా తమకేమీ కాలేదని వాదిస్తారు. వెనుకభాగమైతే రెండు కళ్లలోనూ ఒకే వైపు చూపు పోవచ్చు. చిన్నమెదడైతే కాళ్లలో బలముంటుంది, కానీ నిలబడితే తూలుతారు, వాంతులవుతాయి. దాన్ని పైత్యమనో, ఎండదెబ్బ అనో (కల్లు ఎక్కువైందనో!) ఇంట్లోనే పడుకోబెడతారు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా గడువు 4.5 గంటలే, అదీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేలాకే. మంచిర్యాలకో, గోదావరి దాటి కరీంనగర్‌కో చేరే సమయమూ అందులోనిదే. కనుక ఉన్నట్టుండి తూలినా, చూపు పోయినా, చేతులు లేస్తున్నాయి కదా అని ఊరుకోకండి. 108కు ఫోన్ చేయండి. ఏ గంటకు మొదలైందో వైద్యునికి చెప్పండి.