సగం బిళ్ల వైద్యం

"చిన్న ప్రాణమే కదండీ, సగం వేయండి, చాలు." ఈ వారం ఏలూరులో ఒక మందుల షాపు దగ్గర చెవిన పడిన మాట ఇది. పిల్లికి ఒళ్లు కాలిపోతోందని అడిగిన ఆవిడకు కుర్రాడు డోలో 650 కత్తిరించి ఇస్తున్నాడు. నేను కల్పించుకుంటే "మీరు డాక్టరాండీ?" అన్నాడు. కాదు నాయనా, లెక్కలొచ్చు.

650లో సగం 325. నాలుగు కిలోల పిల్లికి అది కిలోకు 80 మిల్లీగ్రాముల పైమాటే. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో దండిగా ఉంది, పిల్లికి దాదాపు లేదు. మందు విషంగా మారి ఎర్రకణాల మీద పడుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది గానీ గంటల్లోనే పడాలి. కాబట్టి సగమూ లేదు, పావూ లేదు.

ఎర్రకణాలను దెబ్బతీసే సరుకు ఇంకోటి మన తాడేపల్లిగూడెం మార్కెట్‌లో లారీలకు లారీలు దిగుతుంది: ఉల్లిపాయ. చేపల పులుసులో మాత్ర నలిపి కలిపే తెలివితేటలు అందుకే వద్దు. దాచాలంటే ఉప్పూకారం తగలకుండా ఉడికించి, ముల్లు తీసిన చేపముక్కలో దాచండి.

డాక్టరు రాసిన మందైనా వేసే తీరు ఒకటుంది. పిల్లికి ఎదురుగా కూర్చుంటే గీరడం ఖాయం. మెడ దాకా తువ్వాలు చుట్టి, వెనక నుంచి ఒళ్లోకి తీసుకోవాలి. ఒక చేత్తో తలను పైనుంచి బుగ్గల ఎముకల దగ్గర పట్టి కాస్త పైకెత్తి, రెండో చేతి వేలితో కింది దవడ దించి, బిళ్లను నాలుక మీద బాగా వెనక్కి వేసి నోరు మూయాలి. ముక్కు నాక్కుంటే మింగినట్టే. ఆ వెంటనే సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి ఓ ఐదు మిల్లీలీటర్ల నీళ్లు చుక్కచుక్కగా పట్టాలి. జలుబు చేసిన పిల్లులకు తరచూ రాసే డాక్సీసైక్లిన్ పొడిగా వేస్తే అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది, ఆనక తిండే దిగదు. నీళ్లైనా సిరప్ అయినా పట్టేటప్పుడు మాత్రం తల ఎత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అయినా ఆవిడనేం అంటాం? మన పశువైద్యమంతా గేదెల చుట్టూ, గొర్రెల చుట్టూ తిరుగుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు వెళ్లండి, చేపల మందుల షాపులు కనిపిస్తాయి. చెరువులో చేప తేలితే మందులాయన బండేసుకుని గట్టు మీదికే వస్తాడు. గట్టు మీద ఎలుకలు పట్టే పిల్లికి దిక్కు లేదు. ఆ చేపకు దక్కేదీ చాలాసార్లు అందాజా వైద్యమే అనుకోండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధమైనా అవశేషాలు దొరికి మన దేశపు సరుకు విదేశాల నుంచి తిరిగొచ్చిన సందర్భాలు ఎన్ని లేవు? 2020 డిసెంబరులో ఇదే ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో, కళ్లు తిరిగి ఆసుపత్రుల పాలయ్యారు, రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. అంత జరిగిన ఊళ్లో కూడా "కొంచెమేగా, ఏం కాదులే" అన్న మాట ఇంకా చెల్లుబాటవుతోందంటే ఒళ్లు మండుతుంది.

పిల్లికి జ్వరమొస్తే పశువైద్యుడికి చూపించండి. ఊళ్లో ఎవరూ దొరక్కపోతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల హైవే మీద గంట దూరమే. మందుల షాపుల వారికి ఒకటే మనవి: "పిల్లికి" అన్న మాట వినబడగానే ఆ కత్తెర పక్కన పెట్టేయండి.