తేలికపాటి పలక

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. మగ్గాల పనికై తెలంగాణ నుండి వలసవచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడే ఓనమాలు దిద్దుకొన్నారు. అట్టి తరగతిలో పాత టాబ్లెట్‌ను మార్చదలచిన ఉపాధ్యాయుడు మొదట చూడవలసినది బరువు. ఒక చేత పరికరం, మరొక చేత సుద్దముక్క పట్టి బల్లల నడుమ తిరిగే మనిషికి ప్రతి గ్రామూ లెక్కే. 2010 నాటి తొలి ఐప్యాడ్ 680 గ్రాములు; అదే కొలత తెరతో 2013లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 469 గ్రాములే.

అయితే తేలికదనమొక్కటే చాలదు. 2011లో ఢిల్లీలో ఆవిష్కరించిన చవక టాబ్లెట్ 'ఆకాశ్' 350 గ్రాములే తూగింది. కాని గట్టిగా నొక్కితేగాని దాని తెర స్పందించేది కాదు.

కనుక కొనుటకు ముందు దుకాణంలోనే మూడు పరీక్షలు చేయడం మేలు. తొడుగుతో సహా పది నిమిషాలు ఒంటిచేత పట్టిచూడాలి. 'జ్యోత్స్న' అని వ్రాసి, ఒత్తులు చెదరకుండా నిలిచాయో లేదో గమనించాలి. ఇంటర్నెట్ ఆపివేసినా పాఠం తెరుచుకొంటుందా అని చూడాలి. బడి దాటితే తెలుగక్షరం అరుదైన ఊరిలో, తెరపై ఒత్తు చెదిరితే బిడ్డ ఆ తప్పునే ఒప్పుగా నేర్చుకొంటుంది.