ఎత్తుకొస్తాం అనకండి

ఈ శనివారం రాత్రి నా స్నేహితురాలితో కలిసి బయట భోంచేద్దామని బెంగళూరు ఇందిరానగర్, కోరమంగల హోటళ్ళకు ఫోన్లు చేశాను. ఆమె చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ర్యాంప్ ఉందా అని అడిగితే చాలాచోట్ల ఒకటే మాట: "లేదు మేడమ్, నాలుగు మెట్లే కదా! మా కుర్రాళ్ళు ఎత్తుకొచ్చేస్తారు."

ఎంతో ఆప్యాయంగా చెప్పారు. ఆ ఆప్యాయతకే నాకు ఒళ్ళు మండింది. నలభై దాటిన ఆడమనిషిని, ముక్కూమొహం తెలియని మగవాళ్ళు చంకల కిందా మోకాళ్ళ కిందా చేతులు వేసి, తింటున్న జనం ముందు నుంచి మోసుకెళ్ళడం సాయమా? లోపలికొకసారి, బయటికొకసారి. టాయిలెట్ పైఅంతస్తులో ఉంటే మళ్ళీ మోత. అందుకే రాత్రి బయటికి వెళ్ళాలంటే ఆమె మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తుంది. "నన్నెవరన్నా ఎత్తేటట్టుంటే నేను రానే, ఇంట్లోనే పప్పన్నం తిందాం" అంది. నాకు ఆ పప్పన్నం వద్దు. ఆమెతో కలిసి ఊరు చూడాలి.

పదిహేను సెంటీమీటర్ల మెట్టుకు దాదాపు రెండు మీటర్ల వాలు కావాలి. చోటెక్కడిదంటారు యజమానులు. వాకిట్లో బైకులకు మాత్రం చోటుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, సుగమ్యతా నియమాలు పాటించని భవనానికి అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదు. పాత ప్రజా భవనాలను మార్చడానికి ఇచ్చిన అయిదేళ్ళ గడువు 2022లోనే ముగిసింది. నియమాలంటే సలహాలు కావు, తప్పనిసరిగా పాటించాల్సినవిగా ఉండాలని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. 2011 జనగణన లెక్కనే కర్ణాటకలో పదమూడు లక్షల మందికి పైగా వికలాంగులున్నారు. తెలియదనడానికి ఈ ఊరికి అసలే వీల్లేదు. పోలియో సోకిన ఎన్.ఎస్. హేమ వికలాంగుల కోసం ఏపీడీ సంస్థను ఇక్కడ 1959లోనే ప్రారంభించారు.

సరే, ర్యాంప్ ఉన్న హోటలు దొరికిందనుకుందాం. చేరేదెలా? క్యాబ్ పిలిస్తే డిక్కీ నిండా సీఎన్‌జీ సిలిండరే, మడిచిన కుర్చీ కూడా పట్టదు. కుర్చీతో సహా ఎక్కించుకునే బండ్లను కిక్‌స్టార్ట్ సంస్థ ఈ ఊళ్ళోనే నడిపి చూపింది. అలాంటివి పేటకు పది ఉండాలి. ఉన్నంతలో మెట్రో మేలు. స్టేషన్లో లిఫ్టు, రైల్లో కుర్చీకి చోటు ఉన్నాయి. జయనగర్‌లో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, ఎవరి చెయ్యీ పట్టకుండా ఆమె ఎంజీ రోడ్డుదాకా రాగలదు.

దిగాక మొదలవుతుంది అసలు కథ: ఫుట్‌పాత్. దీని గురించి ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. అడుగు ఎత్తున మొదలవుతుంది, ప్రతి గేటు దగ్గరా తెగిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన చెత్తకుప్ప, లేచిన బండ, కింద మోరీ. స్కూటర్లు ఎక్కకుండా పాతిన స్తంభాల సందుల్లో స్కూటరు దూరుతుంది, చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. దాంతో ఆమె రాత్రివేళ నడిరోడ్డు మీద, బస్సుల పక్కన సాగాలి. బిడ్డను తోపుడుబండిలో తీసుకెళ్ళే తల్లికీ, మోకాళ్ళనొప్పుల తాతకీ ఇదే గతి. ఇదే ఊళ్ళో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుదాకా కార్ల కోసం సొరంగం తవ్వడానికి 17 వేల కోట్లకు పైగా లెక్కలు వేశారు. ఆ డబ్బులో పిసరంత చాలు, మెట్రో స్టేషన్ల చుట్టూ ఫుట్‌పాత్‌లు సాఫు చేయడానికి. కారున్నవాడి పది నిమిషాలకు ఉన్న విలువ నా స్నేహితురాలి సాయంత్రానికి ఎందుకు లేదు?

నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. హోటళ్ళ వ్యాపార లైసెన్సు వాటి బల్ల మీదికే రావాలి. సంతకం పెట్టే అధికారి ముందు వెళ్ళి వాకిలి, తలుపు వెడల్పు, టాయిలెట్ చూసి రావాలి. వాలు లేకపోతే లైసెన్సు ఆపాలి. ఒక్క ఏడాది అలా ఆపి చూడండి, చోటెక్కడిదన్న యజమానులకు చోటు దానంతటదే కనబడుతుంది.